బెర్టిన్‌కి అప్పగించిన ఈస్ట్ జాడీ

బెర్టిన్‌కి కుదురు లేదు. క్రైస్తవ మఠంలో చేరి రెండేళ్ళు కావస్తున్నా రాలేదు. భోజనాల బల్ల దగ్గర కూడా ఒక కాలు ఊపుతూనే ఉండేవాడు. ఇంకో పది రోజుల్లో అతను జీవితాంతం ఇక్కడే ఉంటానని మాట ఇవ్వాలి, లేదంటే మూట కట్టుకుని వెళ్ళిపోవాలి. తనకు నిజంగా దేవుడి పిలుపు ఉందా అని పూటపూటకీ తనను తాను ప్రశ్నించుకునేవాడు. పొద్దున ఉన్నట్టే అనిపించేది. మధ్యాహ్నానికి పోయేది.

ఆ మఠంలో బీరు కాచే పని ఓడిలో అనే ముసలి ఫాదర్‌ది. బెర్టిన్ ఆయన దగ్గర శిష్యుడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"లోపల పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది, ఫాదర్?"

ఓడిలో నేలమాళిగలోకి దిగి, చలికాలమంతా అక్కడ దాచిన చిన్న జాడీ ఒకటి పైకి తెచ్చాడు. అడుగున బూడిదరంగు గంజిలాంటిది పేరుకుని ఉంది. అదే బీరును పులియబెట్టే ఈస్ట్. మఠంలో మిగిలింది అంతే.

బార్లీ మొలకల కషాయాన్ని పల్చగా కాచి, బాగా చల్లార్చి, కొద్దిగా ఆ జాడీలో పోశాడు.

"ఇన్నాళ్ళూ చల్లదనంలో నిద్రపోయింది. దీన్ని వెచ్చని మూల పెట్టు. మూత వదులుగా ఉండనీ, బిగిస్తే జాడీ పగులుతుంది. పొద్దునా సాయంత్రం ఒకసారి మెల్లగా కదుపు. మూత మాత్రం తీయకు. మూడో రోజు పొద్దున నాకు చెప్పు."

ఆ వసంతంలో నది పొంగి మఠం బావిలోకి బురదనీరు వచ్చింది. రోగుల గదిలో ఇరవైమందికి పైగా వాంతులతో, విరేచనాలతో పడి ఉన్నారు. నీళ్ళు కాచి తాగాలని అప్పట్లో అక్కడెవరికీ తెలియదు. పల్చటి బీరు తాగినవాళ్ళు తేరుకుంటారని మాత్రం తెలుసు. ఆ బీరు అయిపోయి వారమైంది. కొత్తది కాయాలంటే జాడీలోని ఈస్ట్ మేలుకోవాలి.

ఆ రోగుల్లో జోరిస్ అనే పడవవాడు బెర్టిన్ కనబడినప్పుడల్లా ఎండిన పెదాలతో అడిగేవాడు. "ఎప్పుడు, బ్రదర్?"

ఆ మాట చెవిలో పడ్డాక బెర్టిన్ ఒకచోట నిలబడలేకపోయాడు. గంట తిరక్కుండానే జాడీ మూత తీశాడు. నురగ లేదు. చలి ఎక్కువైందేమోనని జాడీని పొయ్యి పక్కకి జరిపాడు. వేడెక్కుతుందేమోనని మళ్ళీ వెనక్కి తెచ్చాడు. సాయంత్రంలోగా ఇంకా నాలుగుసార్లు తీసి చూశాడు. మర్నాడు పొద్దున్నే లేచి చెంచాడు తేనె వేశాడు. అయినా ఏమీ కదలలేదు. అది చచ్చిపోయిందని అతనికి అనిపించింది. లోపల వేలు పెట్టి తిప్పుతూ ఉండగా వాకిట్లో అలికిడైంది.

ఓడిలో నిలబడి ఉన్నాడు. బెర్టిన్ వేలు బయటికి తీశాడు. ముసలాయన వంగి జాడీని వాసన చూశాడు.

"ఇంకా పులవలేదు," అని మూత పెట్టి వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది. బెర్టిన్ ప్రార్థన మందిరంలోకి పోయి మోకరిల్లాడు. కళ్ళు మూసుకుని, మొదటి మాట పలికాడో లేదో తలుపు కిర్రుమంది. ఓడిలో తల లోపలికి పెట్టి, అతన్ని చూసి, తలుపు మూశాడు.

బెర్టిన్ మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ కిర్రుమంది. ఈసారి ఓడిలో లోపలికి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. భుజాలు పట్టుకుని కిటికీ వైపు కొంచెం జరిపాడు. కాసేపు ఆలోచించి, తిరిగి మొదటి చోటికే జరిపి వెళ్ళిపోయాడు.

మూడోసారి వచ్చి, బెర్టిన్ తల మీది ముసుగు పైకెత్తి మొహంలోకి తొంగి చూశాడు.

"ఏమిటి ఫాదర్ ఇది?" అన్నాడు బెర్టిన్. "ఒక్క మాట కూడా పూర్తి కానివ్వడం లేదు మీరు."

"భక్తి వచ్చిందేమోనని చూస్తున్నాను," అన్నాడు ఓడిలో. ఇంకోసారి పరీక్షగా చూసి, "లేనట్టుంది," అని ముసుగు దించి వెళ్ళిపోయాడు.

బెర్టిన్ ఇంకా జిగటగా ఉన్న తన వేలి వైపు చూసుకున్నాడు.

తర్వాత లేచి, జాడీ ఉన్న గది తలుపు దగ్గరగా వేశాడు. రోగుల గదికి వెళ్ళి, జోరిస్ పడక మీది గుడ్డలు మార్చాడు. అతని పాదాలు కడిగాడు. ఆ పక్క మంచం, దాని పక్కది. మధ్యలో రెండు మూడుసార్లు కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా పోయాయి. తిరిగొచ్చి బకెట్ అందుకున్నాడు. సాయంత్రం వెళ్ళి జాడీని ఒకసారి మెల్లగా కదిపి వచ్చాడు.

మూడో రోజు పొద్దున ఓడిలో అడిగాడు.

"ఎలా ఉంది?"

"తెలియదు, ఫాదర్. నిన్న మీరు మూత పెట్టాక మళ్ళీ తీయలేదు."

ఓడిలో వంగి జాడీకి చెవి ఆనించాడు. ముసలాయన నడుం పట్టుకుని మెల్లగా లేచాడు.

"పెద్ద పొయ్యి వెలిగించు. కషాయం కాచుదాం."

"ఒక్కసారి తీసి చూడరా?"

"ఎందుకు? లోపల బుసబుసమంటోంది, పనిలో ఉంది," అన్నాడు ఓడిలో.

బెర్టిన్ కట్టెలు తేవడానికి వెళ్ళాడు.