సుంకులమ్మ ఎత్తిన బరువు

గురువమ్మ మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోతుందని మఠంలో సుంకులమ్మకు చెడ్డపేరు. మాట సగంలో ఉండగానే కొంగు నడుముకు చుట్టుకుని, గోడవారగా నడిచి బయటికి పోయేది. తిరిగొచ్చేసరికి అందరూ లేచి చాపలు చుడుతుండేవారు.

"సేవకైతే ముందుంటుంది. నాలుగు మంచిమాటలు వినడానికే ఓపిక లేదు," అనుకునేవారు తోటి శిష్యులు. ఆమె విననట్టే ఉండేది.

కారణం ఆమె ఒంట్లో ఉంది. వరసగా కాన్పులు, పచ్చి బాలింతగానే పొలం పని. గర్భసంచి పట్టు తప్పి కిందికి దిగింది. మొదట్లో బరువెత్తినప్పుడే తెలిసేది. రానురాను నిలబడితే చాలు, లోపలిది జారి బయటికొచ్చేది. దగ్గితే మూత్రం పడేది. భర్త పోయాక, బిడ్డలు ఎవరి సంసారాల్లో వాళ్ళు పడ్డాక మఠం చేరింది. బిగించి గుడ్డ కట్టుకుని తిరిగేది. ఎవరికీ చెప్పలేదు.

మఠం ఎర్రమల కొండల అంచున, ఊరికి ఎడంగా ఉంది. గురువు లింగమాంబకు పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాయి. ఆమెను మంచం మీంచి ఎత్తి ఎండలో కూర్చోబెట్టడం, నీళ్ళు పోయడం, మళ్ళీ లోపలికి తేవడం, అంతా సుంకులమ్మే. ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఎత్తినప్పుడల్లా పొత్తికడుపు కింద ఎవరో పట్టి లాగినట్టయ్యేది. పళ్ళు బిగించి ఓర్చుకునేది. లోలోపల దాన్ని తపస్సు అనుకునేది. ఇంత ఓర్పు ఈ మఠంలో ఇంకెవరికీ లేదని కూడా అనుకునేది.

ఒక పొద్దున సుంకులమ్మ ఎత్తుకుని వాకిట్లోకి తెస్తుంటే, ఆమె భుజం మీదుగా గురువమ్మ వెనక్కి చూసింది. బండల మీద నెత్తుటి చుక్కలు.

"దించు," అంది లింగమాంబ.

"ఇంకొంచెం దూరమే అమ్మా."

"దించమంటి గదా."

సుంకులమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. అడగ్గా అడగ్గా చెప్పింది. మొత్తం చెప్పాక తలెత్తి, "ఈ ఒళ్ళు మనది కాదని మీరే కదమ్మా చెప్పింది," అంది.

"మనది కాదనే చెప్పినా. పరాయి సొత్తును ఇట్లనా చూసేది?"

సుంకులమ్మ వంగి బండల మీది చుక్కలు కొంగుతో తుడవబోయింది.

లింగమాంబ తన ఒళ్ళో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంది. "రోజూ నీ మెడ పట్టుకునే ఉంటి. నీ మొగం మాత్రం చూడల్యా," అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

సుంకులమ్మ తమ్ముని కూతురు రంగేశ్వరి వచ్చి ఆమెను పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఎన్నేళ్ళ నుంచి ఉంది పెద్దమ్మా ఇది?"

"నా చిన్నకూతురు పుట్టినప్పటి నుంచి."

"ఆ కూతురికి పెళ్ళయిందా?"

"దానికీ ఒక కూతురుంది."

డాక్టరమ్మ కుళాయి కట్టేసింది. "మొదట్లో వచ్చుంటే కండరాలు బిగించే వ్యాయామం నేర్పేదాన్ని. లోపల ఒక రింగు పెట్టేదాన్ని. ఆపరేషన్ దాకా వచ్చేదే కాదేమో," అంది. తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది సుంకులమ్మకు.

వెంటనే ఆపరేషన్ చెయ్యలేదు. గుడ్డ ఒరిపిడికి పడ్డ పుండు ముందు మానాలన్నారు. షుగరు దిగాలన్నారు. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి బిగబట్టి, మెల్లగా వదలమని నర్సు నేర్పింది. "ఊపిరి బిగబట్టొద్దు. అదొక్కటే వదిలెయ్," అని నవ్వింది.

రంగేశ్వరి ఇంట్లో పడుకుని ఆ బిగింపులు చేస్తుంటే సుంకులమ్మకు ఈరక్క గుర్తొచ్చింది. పత్తి కూలికి పోయే మనిషి. ఒకసారి మఠానికి వచ్చి, సుంకులమ్మను చాటుకు పిలిచి, ఇదే బాధ చెవిలో చెప్పింది. "ఆడపుటక పుట్టినాక ఓర్చుకోవల్ల. నేను ఓర్చుకోలా?" అని పంపేసింది సుంకులమ్మ. ఇప్పుడు ఈరక్క కోసం ఊళ్ళో అడిగించింది. ఇంటికి తాళం ఉంది. మొగుడూ పెళ్ళామూ వలస పోయారు. ఎటు పోయారో పక్కింటివాళ్ళకూ తెలియదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పొట్ట కొయ్యలేదు, కిందినుంచే చేశారు. వదులైన చోటల్లా కుట్టి బిగించారు. మర్నాడు మూత్రపు గొట్టం తీసేసి, మంచం చుట్టూ మెల్లగా నడిపించారు. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోమన్నారు. ముక్కకుండా విరేచనం అయ్యేట్టు మందిచ్చారు. గొంతుక్కూర్చోవద్దన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. "మూడు నెలలు చెంబు నీళ్ళకు మించి ఎత్తొద్దు. కుట్లు తెగితే మళ్ళీ వెయ్యడం నావల్ల కాదు."

సుంకులమ్మ మఠానికి తిరిగొచ్చేసరికి తోటి శిష్యుడు మద్దిలేటి, అతని భార్య కలిసి గురువమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మోస్తున్నారు. ఇద్దరు పట్టుకుంటే పని సులువుగా జరిగిపోతోంది. సుంకులమ్మ స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంత సులువని ఇన్నాళ్ళూ తెలియలేదు. తెలుసుకోవాలని ఆమె అనుకోనూ లేదు.

ఇప్పుడు మాటలు మధ్యలో లేవక్కర్లేదు. చివరిదాకా కూర్చుంటోంది. కానీ చెవులకు ఏదీ ఎక్కడం లేదు.

"అమ్మా, నేనింక దేనికి పనికొస్తానమ్మా?" అంది ఒకరోజు.



శెనక్కాయలు పీకే రోజులు. డాక్టరమ్మ చెప్పిన మూడు నెలలు ఇంకా నిండలేదు. అందరూ చేలోకి పోయారు. మఠంలో వాళ్ళిద్దరే ఉన్నారు. సుంకులమ్మ పెరట్లో ఉండగా లోపల దబ్బుమని చప్పుడైంది. లింగమాంబ పక్కకు జరగబోయి మంచం మీంచి కిందపడింది. మోచెయ్యి గీరుకుపోయింది. నడుము కదలడం లేదు.

సుంకులమ్మ ఒక్క ఉదుటున వచ్చి వంగి, ఆమె చంకల కింద చేతులు దూర్చింది.

లింగమాంబ ఆ చేతులు తోసేసింది. సుంకులమ్మ మళ్ళీ దూర్చింది. ఈసారి ముసలామె మంచం కోడును రెండు చేతులతో కౌగిలించుకుని పట్టు వదల్లేదు.

"ఎత్తనియ్యండమ్మా! ఎంతసేపని నేలమీద పడుంటారు?"

"ఎవరన్నా వచ్చేదాకా."

"ఎవరొస్తారమ్మా? అందరూ చేలో ఉండారు. నాకేం కాదు."

లింగమాంబ ఆమె వంక చూసింది. తర్వాత మొహం వాకిలివైపు తిప్పి గట్టిగా కేక వేసింది.

"ఓయ్! ఎవరన్నా ఉండారా! నేను పడిపోయినా! నొప్పి పెడతాంది!"

సుంకులమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. గురువమ్మ గొంతు పెద్దది చెయ్యడం ఆమె ఎన్నడూ వినలేదు. కాళ్ళు పడిపోయిన రోజున కూడా ఆమె కేక వెయ్యలేదు.

"నొప్పి! రాండ్రా ఎవరన్నా!"

చంటిపిల్ల ఏడ్చినట్టు, సిగ్గూ ఎగ్గూ లేకుండా అరుస్తోంది. గొంతు జీరబోయింది. దగ్గొచ్చింది. దగ్గుతూనే సుంకులమ్మ చీరచెంగు పట్టి లాగింది.

"నువ్వూ పిలువు."

సుంకులమ్మ వాకిట్లోకి వచ్చి నోరు తెరిచింది. మూసేసుకుంది. ఎదురుగా ఎర్రటి గుట్ట, తుమ్మచెట్లు, ఖాళీ బాట. మళ్ళీ ప్రయత్నించింది. ఏదో పీలగా వచ్చింది. మూడోసారి పొత్తికడుపు మీద చేతులు అదుముకుని అరిచింది.

"ఎవరన్నా రాండయ్యా! మావల్ల కావడంల్యా!"

గుట్ట అవతల కుక్క మొరిగింది. కాసేపటికి గొర్రెలు మేపుకునే ఆలుమగలు బాట దిగి పరుగున వచ్చారు. ఆయన గురువమ్మ భుజాలు పట్టుకున్నాడు, ఆయన భార్య కాళ్ళు పట్టుకుంది. దుప్పటి సర్ది మంచం మీద పడుకోబెట్టారు. ఆయన భార్య గురువమ్మ మోచేతి నెత్తురు తుడిచింది. ఎముక విరగలేదన్నాడాయన. ఇద్దరూ మంచినీళ్ళు తాగి, గొర్రెలు చెదిరిపోతాయని వెళ్ళిపోయారు.

సుంకులమ్మ గోడకానుకుని నిలబడే ఉంది.

లింగమాంబ కళ్ళు మూసుకుంది. అలసిన గొంతుతో, దాదాపు వినిపించనంత మెల్లగా అంది.

"చూస్తివా. పిలిస్తే వచ్చినారు."

సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. కొంగు వదిలేసి, గట్టిగా, బయటికి వినపడేలా ఏడ్చింది.