చీమలు కొలిచిన బొగ్గు

నల్లగుట్ట అడవిలో ఆ వేసవికి మిగిలింది ఒక్క మడుగు. ఆ నీళ్ళకీ కుళ్ళిన ఆకుల వాసన పట్టింది. అవి తాగిన లేడిపిల్ల రెండు రోజులు లేవలేదు.

"మడుగులోకి నీళ్ళొచ్చే ఊట నోటి దగ్గర మంచి బొగ్గు వేస్తే వాసన లాగేస్తుంది," అన్నాడు అడవికి పెద్దయిన ఎలుగుబంటి. "ఎవరి బొగ్గు మేలైతే వాళ్ళకి వేసవంతా మొదటి వంతు నీళ్ళు."

నక్క తుమ్మబొగ్గు తెచ్చాడు. ముళ్ళపంది వెదురుబొగ్గు తెచ్చాడు. ఎలుగుబంటి చెరో చేత్తో పట్టుకుని, "బరువు సమానమే," అన్నాడు.

"నాది నిగనిగలాడుతోంది చూడండి పెద్దయ్యా!" అన్నాడు నక్క.

"పై మెరుపుతో పనేముంది?" అన్నాడు ముళ్ళపంది. "బొగ్గు లోపలంతా సన్నటి చిల్లులుంటాయి. మురికి అంటుకునేది ఆ చిల్లుల గోడలకి. ఎంత గోడ ఉంటే అంత మురికి పడుతుంది."

"లోపలి గోడల్ని ఎవరు కొలుస్తారోయ్? నువ్వా, నీ ముళ్ళా?"

"మేం కొలుస్తాం," అని కిందనుంచి సన్నటి గొంతు వినిపించింది. చీమల పెద్దమ్మ. "మావాళ్ళు లోపలికెళ్ళి గోడ పొడుగునా పక్కపక్కనే నిలబడతారు. ఒకరి మీద ఒకరు ఎక్కరు. ఎంతమంది పడితే అంత గోడ ఉన్నట్టు."

మర్నాడు పొద్దున్నే కొలత అన్నారు. ఆ సాయంత్రమే నక్క తన బొగ్గుకి తేనె పట్టించి, పైన శుభ్రంగా తుడిచేశాడు.

పొద్దున వెదురుబొగ్గులో ఆరువందల పన్నెండు చీమలు పట్టాయి. నక్క బొగ్గులో పదకొండు వందలు!

"మొదటి వంతువాడు ఎక్కడ నిలబడాలి పెద్దయ్యా?" అంటూ నక్క అప్పుడే మడుగువైపు నడిచాడు.

తల్లి లేడి మాత్రం బయటికొస్తున్న చీమల్నే చూస్తోంది. "పెద్దమ్మా, మీవాళ్ళు కొలవడానికి వెళ్ళారా, విందుకు వెళ్ళారా? పొట్టలేంటి అలా ఉబ్బాయి?"

ఒక చీమ కాలు నాక్కుంటూ ఒప్పేసుకుంది. "లోపల తేనె ఉంది పెద్దమ్మా. ఒకళ్ళ వీపుమీద ఒకళ్ళం ఎక్కేశాం."

చీమల పెద్దమ్మకి తలకొట్టేసినట్టయింది. "మళ్ళీ కొలుస్తాం," అంది.

"ఎందుకమ్మా?" నక్క బాధ నటించాడు. "కొలిచినదాన్నే మళ్ళీ కొలిస్తే మీ చీమజాతికే అవమానం కదా!"

"అవమానమైతే కానీ," అంది తల్లి లేడి. "ఆ నీళ్ళు తాగాల్సింది నా బిడ్డ."



రెండు బొగ్గుల్నీ వేణ్ణీళ్ళతో కడిగారు. తడి ఉన్నా చిల్లులు మూసుకుపోతాయని బండమీద రెండెండలు ఎండబెట్టారు. ఈసారి మూడు వేర్వేరు పుట్టల చీమల్ని పిలిచారు. ఏ బొగ్గు ఎవరిదో వాటికి చెప్పలేదు. ఒక్కొక్క పుట్టవాళ్ళు విడిగా వెళ్ళి లెక్క చెప్పారు.

వెదురుబొగ్గు: ఆరువందల పది, ఆరువందల పధ్నాలుగు, ఆరువందల పన్నెండు.

తుమ్మబొగ్గు: నూట నలభై, నూట ముప్ఫై ఎనిమిది, నూట నలభై ఒకటి.

ముళ్ళపంది మరింత వెదురుబొగ్గు తెస్తే, ఊట నోట్లో గుట్టగా పోశారు. మూడోనాటికి నీళ్ళ వాసన పోయింది. లేడిపిల్ల కడుపునిండా తాగి, తల్లి చుట్టూ గెంతులేసింది.

వంతుల దగ్గర నక్క గొణుగుతూ నిలబడ్డాడు. "పెద్దయ్యా, బొగ్గుకి తేనె పట్టించాలన్న ఆలోచన ఇంకెవరికైనా వచ్చిందా? కనీసం ఆ తెలివినైనా మెచ్చుకోవచ్చు కదా!"

"మెచ్చుకున్నాంలే," అన్నాడు ఎలుగుబంటి. "ఇక వెళ్ళి అందరికన్నా వెనకాల నిలబడు."

నీతి: ఎవరు కొలిచినా, ఎన్నిసార్లు కొలిచినా నిలిచే లెక్కే నమ్మదగిన లెక్క.