ఏరువాక చాలులో మైలమ పాదాలు

అనగా అనగా కొమ్మరాజు అని ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు లేరు. ఒక్కడే ఉండేవాడు, వాడూ పోయాడు. కాలిలో ముల్లు దిగి, పుండై, జ్వరం తగిలి పోయాడు.

ఆ దుఃఖంలో కొమ్మరాజు ఆజ్ఞ వేశాడు. "నా కూతురు మైలమ పాదం ఇక మట్టిని తాకరాదు!"

పెరట్లోకి రావాలన్నా మైలమకు జోళ్ళు తప్పవు. వానలో పిల్లలంతా బురద తొక్కుతుంటే పాపం, ఆ బిడ్డ అరుగుమీద కూర్చుని చూసేది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఏరువాక పున్నమినాడు రాజుగారి అరక దున్నిన తొలి చాలులో రాజబిడ్డ వట్టి కాళ్ళతో నడుస్తూ గింజలు వేయాలి. అంతవరకు రైతులెవరూ తమ పొలాల్లో అరక కట్టరు.

పున్నమి వచ్చింది. రాజు చాలులో పట్టుబట్ట పరిపించాడు. గింజలు బట్టమీదే ఉండిపోయాయి. బిడ్డను భటుడి భుజంమీద ఎక్కించాడు. గింజలు గాలికి పోయాయి. చెక్క పావుకోళ్ళు తొడిగించాడు. అవి బురదలో కూరుకుపోయి పిల్ల బోర్లా పడింది.

"అదును దాటిపోతోంది దొరా! నేల ఆరితే ఊళ్ళన్నీ పస్తులే" అన్నాడు ఒక ముసలి రైతు.

అప్పుడు రాజుగారి తల్లి మాచాంబ ముందుకొచ్చింది.

"నాయనా, దాని జోళ్ళు విప్పు."

"ముల్లు నా కొడుకును మింగిందమ్మా! మరిచావా?"

"ముల్లు కాదురా. వట్టి కాళ్ళతో తిరిగితే చర్మం ఒలుస్తానని నువ్వు బెదిరించావు. ఆ భయంతో వాడు ముల్లు దాచాడు. నీ ఎదుట కుంటకుండా నడిచాడు. నేను చూసేసరికే కాలు నల్లబడింది. అప్పుడు కూడా 'నాన్నకు చెప్పకు నాయనమ్మా' అన్నాడు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"కడుపుకోతలో ఉన్నవాడికి ఈ మాట ఏ నోటితో చెప్పను?"

 రాజు వంగి, కూతురి జోళ్ళు తన చేతులతో విప్పాడు.

"చూసి అడుగు వెయ్యి తల్లీ. ఏదైనా గుచ్చుకుంటే నాతో చెప్పు. తిట్టను."

మైలమ చాలులో దిగింది. వేళ్ళ సందుల్లోంచి మెత్తటి మట్టి పైకి ఉబికితే కిలకిలా నవ్వింది. గింజలు వేస్తూ చివరిదాకా వెళ్ళి, ఉన్నట్టుండి ఆగింది.

"నాన్నా, ముల్లు!"

రాజు పరుగున వెళ్ళి బురదలోనే కూలబడ్డాడు. ఆ చిన్న పాదాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. ముల్లు తీశాడు, కడిగాడు, పసుపు అద్దాడు. ఆ పిలుపు కొడుకు నోట వినలేకపోయానని వెక్కివెక్కి ఏడ్చాడు. వెనక అరకలు కదిలాయి.

ఆనాటినుంచి మైలమ పెరట్లో వట్టి కాళ్ళతో ఆడుకుంది. ముళ్ళదారిన వెళ్ళేటప్పుడు జోళ్ళు వేసుకుంది. సందెవేళ రాజే ఆ పాదాలు కడిగి, అరికాళ్ళు చూసేవాడు.

ముల్లు కాలిలో దిగితే తీయవచ్చు గాని, పెద్దల భయంతో బిడ్డ దాచుకున్న ముల్లును ఏ వైద్యుడూ తీయలేడు.