చిలుకకు కుట్టిన అంగీ

అనగనగా నేరేడుకోట అనే రాజ్యంలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ కవలలు. ఒకడు మహాకేతు, కూర్చుంటే కింద పీట కనపడేది కాదు, అంత భారీ మనిషి. ఇంకొకడు సూర్యకేతు, పక్కకు తిరిగితే మనిషే కనపడేవాడు కాదు, అంత సన్నం. మూడోవాడు మణికేతు. వాడు లావూ కాదు, సన్నమూ కాదు. వాడికున్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరు ఎదురుపడినా "తిన్నావా? కప్పుకోవడానికి ఉందా?" అని అడిగేవాడు. పరాయి దేశపు రాయబారి వచ్చినా అదే అడిగేవాడు.

కొన్నాళ్ళకు రాజుగారు కన్నుమూశారు. పోయేముందు పెద్దవాడికే రాజ్యం అన్నారు గానీ, కవలల్లో పెద్దవాడెవడో చెప్పలేదు. నేనంటే నేనని ఇద్దరూ తల్లి దగ్గరికి పరుగెత్తారు. రాణిగారేమో, తాను చూడలేదని ఒక్క మాట అని ఊరుకుంది. పురుడు పోసిన మంత్రసాని ఎప్పుడో పోయింది. ఇంకేముంది, రాజ్యం రెండు ముక్కలైంది. గవ్వలేరుకు తూర్పు గట్టున మహాకేతు మూడు వేల మందితో దిగాడు. పడమటి గట్టున సూర్యకేతు మూడు వేల మందితో దిగాడు. మాఘ పౌర్ణమికి ఏరు మోకాటి లోతుకు తగ్గుతుంది. ఆ రోజు ఏట్లో దిగి తేల్చుకుందామని ఇద్దరూ ముహూర్తం పెట్టుకున్నారు. తూర్పు గట్టు మీదివాడి బావమరిది పడమటి గట్టు మీద ఉన్నాడు. ఇటువాడి మేనమామ అటు ఉన్నాడు. అయినా ఎవరికీ పట్టలేదు.

ఇద్దరు అన్నలకూ కత్తులు నూరించడం గుర్తుంది గానీ, ఆరువేల మంది రోజూ తింటారనీ, ఒంటి మీద గుడ్డ ఉండాలనీ గుర్తు రాలేదు. మూడో రోజుకల్లా రెండు గట్ల నుంచీ మణికేతుకే కబురు వచ్చింది. వాడు ఏ పక్షమూ పట్టలేదు. ఏటి మధ్య లంకలో పెద్ద కొట్టాం వేయించి, రాగిపిండీ ఉలవలూ చింతపండూ, చెప్పుల వార్లూ సూదులూ దారం ఉండలూ తెప్పించి పెట్టాడు. పొద్దున్నే ఒక పడవ తూర్పుకి, ఒక పడవ పడమటికి. ఇటు ఒక బస్తా ఎక్కువ వెళ్ళేది కాదు, అటు ఒక బస్తా తక్కువ వెళ్ళేది కాదు. ఒకరి మూట ఒకరికి పొరపాటున కూడా వెళ్ళేది కాదు. మణికేతుకు దాని మీద ఎంత పట్టుదలో చెప్పలేను.

కొట్టాం అన్నాక పిట్టలూ పురుగులూ తప్పవు కదా. ఒకరోజు వంటవాళ్ళు ఒక పెద్ద తాబేలును పట్టుకొచ్చారు. ఇల్లు వీపున కట్టుకుని తిరిగేదాన్ని వండకూడదని మణికేతు దాన్ని నీళ్ళలో వదిలేశాడు. ఇంకొకరోజు బట్టల మూటల్లో చిమ్మెటలు పడ్డాయి. పొగబెట్టి చంపుదామన్నారు పనివాళ్ళు. వాడు ఒక పాత గోనె తెచ్చి, తినేదేదో ఇది తినండని మూలన పరిచాడు. మరొకరోజు ఒక గిజిగాడు పిట్ట నూలు చిలపల్లోంచి పోగులు లాగుతూ దొరికిపోయింది. గూడు కట్టుకోవాలి పాపం అని, దానికొక చిలప విడిగా గుంజకు తగిలించాడు. చూశారా, ఆ మూడు ప్రాణులకూ కావలసింది ముట్టింది.

అంతలో చలి ముదిరింది. గట్ల మీద సైనికులు పలచటి పంచెలతో గజగజ వణికారు. అప్పుడు ఏడు సముద్రాల అవతలి నుంచి కాలకంబళుడనే మాంత్రికుడు దిగాడు. ఆరువేల నల్ల కంబళ్ళు తెచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా ఊరికే పంచి వెళ్ళిపోయాడు. కప్పుకున్న క్షణంలో చలి పోయింది. కానీ పిల్లలూ, చలితో పాటు ఇంకొకటి కూడా పోయింది.

మర్నాడు మణికేతు తూర్పు గట్టుకు వెళ్ళి, అమ్మకు జ్వరంగా ఉందని మహాకేతుతో చెప్పాడు. అన్న ముఖంలో ఏమీ కదల్లేదు. పడమటికి వెళ్ళి సూర్యకేతుతో చెప్పాడు. వాడు కత్తి తుడుచుకుంటూ, "ఎవరికి?" అన్నాడు. సైనికులూ అంతే. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు చింపి పొయ్యిలో వేస్తున్నారు. కప్పుకున్నవాడి గుండెలోని వెచ్చదనాన్ని ఆ కంబళి లాగేసి మాంత్రికుడికి చేరవేస్తోందని మణికేతుకు అర్థమైంది. పౌర్ణమి నాడు వీళ్ళు ఏట్లో దిగితే ఒక్కడు కూడా మిగలడు. అన్నలిద్దరూ ఒకే ఏట్లో పడిపోతారు. అది తలుచుకుంటే వాడికి కన్నీళ్ళు ఆగలేదు.

ఆ కన్నీళ్ళతోనే సాలెపాలెం వెళ్ళాడు. అక్కడ పెద్ద సాలెకు పగడాలు అనే కూతురు ఉంది. ఆరు నెలలుగా వాడు గుడ్డ తీసుకుంటున్నది ఆమె దగ్గరే. గుడ్డ అయిపోకపోయినా వారానికి రెండుసార్లు వెళ్ళేవాడని పడవవాళ్ళు నవ్వుకునేవారు, అది వేరే సంగతి. ఏడు సముద్రాలు దాటి ఆ మాంత్రికుడి దగ్గరికి వెళ్ళి కంబళ్ళను వదిలించి వస్తాననీ, కానీ వదిలించాక ఆరువేల మంది చలికి చచ్చిపోతారనీ వాడు చెప్పాడు. పగడాలు మగ్గం ఆపి లేచింది. దళసరి గుడ్డ తాము నేస్తామనీ, ఏ ఇంటి మగవాడికి ఆ ఇంటి ఆడవాళ్ళే అంగీ కుట్టేలా ఊరూరా తిరిగి చెబుతాననీ అంది. తాను కుట్టిన అంగీ ఒకటి వాడికి తొడిగింది.

"కొలత తీసి కుట్టాను చినరాజుగారూ. చింపుకుని రాకండి" అంది.

మణికేతు రేవు దగ్గరికి రాగానే నీళ్ళలోంచి తాబేలు తల ఎత్తింది. గిజిగాడు వచ్చి వాడి భుజం మీద వాలింది. చిమ్మెటలు తలపాగాలో దూరాయి. తాబేలు వీపున ఒక సముద్రం దాటారు, గాలి చల్లగా ఉంది. రెండు దాటారు, మూడు దాటారు, చేతులు కొంకర్లు పోయాయి. నాలుగు, అయిదు, ఆరు దాటారు, గడ్డం మీద మంచు పేరుకుంది. ఏడోది దాటేసరికి మాటలు కూడా నోట్లోనే గడ్డకట్టాయి.

ఎదురుగా రాతి దీవి, దాని మీద రాతి కోట. కోటలో కాలకంబళుడు వంద కంబళ్ళు కప్పుకుని నిప్పు ముందు కూర్చుని వణుకుతున్నాడు. మణికేతు చప్పుడు చెయ్యకుండా వెనక గదిలోకి దూరాడు. అక్కడ ఏడు కంబళ్ళు చుట్టిన పంజరం ఒకటి వేలాడుతోంది. కత్తి పెట్టి కోస్తే కత్తి మొద్దుబారిపోయింది. అప్పుడు చిమ్మెటలు దిగాయి. గోనె కంటే ఇదే రుచిగా ఉందని చెప్పుకుంటూ ఏడు కంబళ్ళకూ ఏడు పెద్ద కంతలు కొట్టాయి.

లోపల ఒక చిలుక ఉంది. ఒంటి మీద ఒక్క ఈక లేదు. దాని ఈకలన్నీ పీకి మాంత్రికుడు కంబళ్ళలో నేశాడు.

"మెడ విరవడానికి వచ్చావా? కానివ్వు. వాడి ప్రాణం నాలోనే ఉంది" అంది చిలుక వణుకుతూ.

మణికేతు నోటికి అలవాటైన మాటే వచ్చింది. "తిన్నావా? కప్పుకోవడానికి ఉందా?"

నూరేళ్ళలో ఆ చిలుకను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అది మెల్లగా అసలు సంగతి చెప్పింది. మాంత్రికుడు చావు రాకూడదని తన ప్రాణం తీసి చిలుకలో దాచాడు. చిలుక ఒంటి మీద ఏమీ లేకపోయేసరికి దాని చలే వాడి చలి అయింది. ఎన్ని కంబళ్ళు కప్పుకున్నా, ఎందరి గుండెల వెచ్చదనం లాక్కున్నా వాడి వణుకు తగ్గదు. చిలుకను చంపితే వాడు చస్తాడు, కానీ వాడు లాక్కున్న ఆరువేల గుండెల వెచ్చదనం కూడా వాడితోనే పోతుంది. అన్నలు బతికి ఉంటారు గానీ మళ్ళీ అన్నలు కారు.

మణికేతు ఇంక ఆలోచించలేదు. పగడాలు చింపవద్దన్న అంగీ కుడి చెయ్యి పరపరా చింపాడు. గిజిగాడు ముక్కుతో పోగు లాగి కుట్టడం మొదలుపెట్టింది. మొదటి అంగీ తొడిగితే రెక్కలు ఇరుక్కుపోయాయి. విప్పి మళ్ళీ కుట్టారు. రెండోది తొడిగితే మెడ బిగిసి చిలుక గుడ్లు తేలేసింది. అప్పుడు మణికేతుకు పగడాలు మాట గుర్తొచ్చింది. సిగ్గుపడి, దారం ముక్కతో మెడా రెక్కా తోకా కొలత తీసుకున్నాడు. మూడోది సరిగ్గా సరిపోయింది. చిలుక తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, కళ్ళు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే కాలకంబళుడు కత్తి ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు. ఒక కంబళి తీసి కింద పడేశాడు. ఇంకొకటి తీశాడు. వందా తీసేశాక చూస్తే లోపల ఒక బక్క ముసలాయన.

"ఇదేమిటి, నాకేమవుతోంది?" అన్నాడు.

"వెచ్చగా ఉండడం అంటే ఇదే. మర్చిపోయావు" అంది చిలుక.

ముసలాయన నేల మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఎవరిది వాళ్ళకు పోవాలని మంత్రం తిప్పి చదివాడు. చిలుకను ఒళ్ళోకి తీసుకుని, దాని అంగీ ముడి మెల్లగా సరిచేశాడు.

మణికేతు పౌర్ణమికి ఒక్కరోజు ముందు లంకకు చేరాడు. కంబళ్ళన్నీ బూడిదైపోయాయి. సైనికులకు ఇల్లూ వాకిలీ గుర్తొచ్చాయి, వణుకూ వచ్చింది. కానీ పిల్లలూ, కనికరం తిరిగొచ్చినా పంతం ఎక్కడికీ పోలేదు. ముందు నేను వద్దంటే నన్ను పిరికివాడంటారని తూర్పున మహాకేతు, పడమట సూర్యకేతు, ఇద్దరూ అలాగే బిగుసుకుని కూర్చున్నారు.

కొట్టాంలో ఆరువేల అంగీలు సిద్ధంగా ఉన్నాయి. తూర్పు మూటలకు ఎర్ర దారం, పడమటి మూటలకు తెల్ల దారం. అన్నిటి పైనా రాణిగారు జ్వరంతోనే కుట్టిన రెండు అంగీలు. ప్రతి ఇంటి బట్టకూ చాకలి నల్లజీడి రసంతో పెట్టే గుర్తు ఉంటుంది కదా. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి అడ్డగీత, ఇంకొక ఇంటికి గంట. ఎన్ని ఉతుకులు ఉతికినా అది చెరగదు. ప్రతి అంగీ ఛాతీ మీదా ఆ ఇంటి గుర్తు పెద్దగా పెట్టించింది పగడాలు. మూటలు కలిసిపోకుండా ఉంటాయని ఆమె జాగ్రత్త.

పగడాలు ముందు వాడి చిరిగిన అంగీ చూసి చివాట్లు పెట్టింది. వాడు చిలుక సంగతి చెప్పాక, ఇంకో చెయ్యి కూడా ఇచ్చి ఉండాల్సిందని కళ్ళు తుడుచుకుంది. మణికేతు మూటల వైపు చాలాసేపు చూశాడు. ఆరు నెలల్లో ఒక్క మూట కూడా తప్పు గట్టుకు పంపనివాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కావాలని తప్పు చేశాడు. ఎర్ర దారాలు విప్పి తెల్లవి కట్టాడు, తెల్లవి విప్పి ఎర్రవి కట్టాడు. పగడాలు ఒక్క మాట అడగకుండా పక్కన కూర్చుని ముడులు వేసింది.

పౌర్ణమి పొద్దున చలికి ఆగలేక అందరూ అందిన అంగీ తొడుక్కున్నారు. ఒకడికి పొట్ట పట్టలేదు, ఒకడికి మోకాళ్ళ దాకా జారింది. సణుక్కుంటూనే బల్లేలు పట్టుకుని ఏట్లో దిగారు. తూర్పు వరసలో ముందున్న సైనికుడు బల్లెం ఎత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశాడు. ఎదుటివాడి ఛాతీ మీద గంట గుర్తు ఉంది.

"అది మా ఇంటి గుర్తు. నీ ఒంటి మీద ఉన్నది మా అమ్మ కుట్టింది" అన్నాడు.

ఎదుటివాడు తన ఒంటి మీద ఉన్నదాన్నీ వాడి ఒంటి మీద ఉన్నదాన్నీ మార్చి మార్చి చూసి, అయితే మా ఆవిడ కుట్టింది ఎవరు వేసుకున్నారని గాభరాగా వెతకడం మొదలుపెట్టాడు. ఏటి పొడుగునా అదే గోల. తన ఇంటి గుర్తును తాను పొడవడానికి ఎవడికి చేతులు వస్తాయి? బల్లేలు నీళ్ళలో వదిలేసి, నాది ఎక్కడ, నీది ఎవరిదని ఒకరినొకరు అడుగుతూ ఆరువేల మంది కలిసిపోయారు.

మధ్యలో అన్నలిద్దరూ ఎదురుపడ్డారు. మహాకేతుకు అంగీ ఎంత బిగుతంటే కత్తి ఎత్తబోతే చెయ్యి లేవలేదు. సూర్యకేతుకు ఎంత వదులంటే చేతులు ఎక్కడున్నాయో తెలియక కత్తి దొరకలేదు. ఇద్దరి ఛాతీల మీదా ఒకటే గుర్తు, రాజుగారింటి మూడు చుక్కలు.

"నా అంగీ నువ్వు వేసుకున్నావు" అన్నాడు మహాకేతు.

"అయితే తీసుకో అన్నయ్యా" అన్నాడు సూర్యకేతు. అంత చలిలో విప్పబోయాడు.

అన్నయ్యా అన్న మాట వినగానే మహాకేతు, పెద్దవాడు నువ్వేనేమోరా అని వాటేసుకున్నాడు. వాటేసుకోగానే వీపు మీద అంగీ చిరిగింది. ఇద్దరూ మోకాటి లోతు నీళ్ళలో నవ్వుతూ ఏడ్చారు. కాసేపటికి ఇద్దరూ తమ్ముణ్ణి పిలిచి, ఇన్నాళ్ళూ రెండు గట్ల వాళ్ళకూ కూడూ గుడ్డా చూసినవాడే రాజు అని కిరీటం వాడి నెత్తిన పెట్టారు.

మణికేతుకూ పగడాలుకూ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. మాంత్రికుడు చిలుకతో సహా వచ్చాడు. చిలుకకు అప్పుడే కొత్త ఈకలు మొలుస్తున్నాయి, అయినా అంగీ విప్పనంది. మణికేతు అరవై ఏళ్ళు రాజ్యం చేశాడు. ఆ అరవై ఏళ్ళలో చలికి వణికినవాడు ఆ రాజ్యంలో లేడు.

పెళ్ళైన సాయంత్రం మణికేతు తల్లి పక్కన చేరి, అన్నల్లో నిజంగా ఎవరు ముందు పుట్టారని అడిగాడు.

"చూడలేదనే చెప్పాను కదా నాయనా. ఇద్దరూ పుట్టగానే వణికారు. కప్పడానికి గుడ్డ వెతుక్కుంటున్నాను. ఎవరు ముందో చూసే తీరిక నాకెక్కడిది?" అంది రాణిగారు.