సేనాపతిగారి ఫోర్ వీల్ బండి

మేఘగిరిని ఏలే చిత్రభాను మహారాజుకు ఒకరోజు కొండెక్కాలని బుద్ధి పుట్టింది. ఒక్కరే కాదు, రాణిగారు, పిల్లలు, అత్తగారితో సహా. వానాకాలంలో కొండమీది విడిది చాలా బాగుంటుంది. దారే బాగుండదు. అంతా రాళ్ళూ బురదా, ఒకవైపు లోయ.

"ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి చూడండి," అన్నారు రాజుగారు సభలో. "ఇంటిల్లిపాదీ పట్టాలి. కొత్తది మాత్రం వద్దు. కొత్త బండి మీద మొదటి గీత పడితే నాకు అన్నం సహించదు. గీతలన్నీ ముందే పడిపోయిన బండి కావాలి."

రాజుల కాలంలో కార్లేమిటని అడక్కండి. మేఘగిరిలో ఉండేవి. పెట్రోలు ఎక్కడిదని కూడా అడక్కండి, కథ ఇక్కడే ఆగిపోతుంది.

సేనాపతి భుజంగరాయుడు మీసం మెలేస్తూ లేచాడు. యుద్ధాల మాటేమోగాని, పెళ్ళి విందుల్లో మంచి పీట కోసం ఆయన చేసిన పోరాటాలు ఊరంతా ఎరుగుదురు.

"ప్రభూ, నా బండి ఉండగా వెతుకులాట ఎందుకు? కన్నబిడ్డలా చూసుకున్నాను. నాలుగు చక్రాలూ లాగుతాయి. అడిగింది తమరు గనక ఇస్తున్నాను."

ఆ మాట విని ఓబన్న గుండెల్లో రాయి పడింది. ఓబన్న ఆస్థానంలో హాస్యగాడు. రాజుగారి పిల్లలకు కథలు చెప్పేదీ అతనే, కాబట్టి కొండకు అతనూ వెళ్ళాలి. అతనికిచ్చేది చివరి సీటు. బండి వెనక్కి జారితే లోయలోకి ముందుగా వెళ్ళేది ఆ సీటే.

పైగా ఆ బండి సంగతి అతనికి బాగా తెలుసు. కిందటి వానల్లో అది కూరగాయల వీధిలో దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటే ముందు చక్రాలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. చివరికి గేదెల్ని కట్టి లాగించారు.

"మహారాజా, ఈ బండి ముందు చక్రాలు దొర్లుతాయేగాని లాగవు," అన్నాడు ఓబన్న.

"ఆరోజు డ్రైవరు గేరు వెయ్యడం మరిచాడు," అన్నాడు సేనాపతి. "నవ్వించేవాళ్ళకు బండ్ల సంగతి ఎందుకు, ప్రభూ?"

రాజుగారు కోట ఆవరణలో బండి నడిపి చూశారు. చదునైన నేలమీద చక్కగా సాగింది. అక్కడ లాగే చక్రం ఏదో, ఊరికే వెంట వచ్చే చక్రం ఏదో ఎవరు కనిపెడతారు? కొండదారిలో చూద్దామంటే పూజ కాని బండి కోట గుమ్మం దాటకూడదని అక్కడి ఆచారం. పూజ అయిందంటే బండి కొన్నట్టే, ఇక తిరిగివ్వడం ఉండదు.

"రేపే పూజ," అన్నారు రాజుగారు. "ఓబన్నా, ఈలోగా నీ మాట రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే నోరు మూసుకుని చివరి సీట్లో కూర్చో."

ఓబన్నకు ఆ పూట ముద్ద దిగలేదు. తన సంగతి సరే, పిల్లలు వెళ్ళేదీ ఆ బండిలోనే. చిన్న రాకుమారి కథ సగంలోనే అతని ఒళ్ళో నిద్రపోతుంది. ఆ పిల్ల గుర్తొచ్చి అతను రాత్రంతా ఉపాయం ఆలోచించాడు.

మర్నాడు పూజకు చోటు ఓబన్నే చూశాడు. కోటలోనే, ఏనుగుల్ని కడిగే చోట. "కొండకు వెళ్ళే బండికి బురదలోనే పూజ చెయ్యాలి మహారాజా," అన్నాడు. రాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. బండిని తెచ్చి బురదలో నిలిపారు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు.

"ఇప్పుడు ముందు చక్రం వెనకాల ఒకరు, వెనక చక్రం వెనకాల ఒకరు నిలబడాలి," అన్నాడు ఓబన్న అందరికీ వినబడేలా. "రాజుగారు గట్టిగా ఆక్సిలరేటరు తొక్కుతారు. నాలుగు చక్రాలూ లాగే బండి గనక ఇద్దరికీ సమానంగా బురదాభిషేకం. వెనక చక్రం దగ్గరది బండి ఇచ్చినవారి గౌరవస్థానం. అక్కడ తివాచీ పరిపించి వెండి పీట వేయించాను. ముందు చక్రం దగ్గర ఒక వంకర రాయి తప్ప ఏమీ లేదు. దాని మీద నేను ఒంటికాలిమీద నిలబడతాను."

సేనాపతి వెండి పీట వైపు చూశాడు. తన కొత్త పట్టు అంగరఖా వైపు చూసుకున్నాడు. నిజానికి ఆయన భయపడాల్సింది పరీక్షకు. కాని ఆ క్షణంలో ఆయన బుర్రలో అంగరఖా తప్ప ఇంకేమీ లేదు.

"వద్దులే ఓబన్నా, ముందు చక్రం దగ్గర నేను నిలబడతాను," అన్నాడు.

రాజుగారు స్టీరింగు దగ్గర్నుంచి తల బయటపెట్టారు. "వెండి పీట నీకు వద్దా?"

"వినయం, ప్రభూ," అంటూ సేనాపతి వంకర రాయెక్కి కొంగలా నిలబడ్డాడు.

ఓబన్న వెండి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాజుగారు ఫోర్ వీల్ గేరు వేసి కసిగా తొక్కారు. ఏనుగుల బురద ఎగిరొచ్చి ఓబన్నను ముంచెత్తింది. రెండు కళ్ళు మాత్రం బయట మిగిలాయి. ముందు చక్రాలు కదల్లేదు. సేనాపతి పట్టు మీద ఒక్క చుక్క పడలేదు.

"చూశారా ప్రభూ, ఎంత బలమో," అన్నాడు సేనాపతి రాయి మీంచి.

ఓబన్న మొహం తుడుచుకున్నాడు.

"వెనక చక్రాల బలం నా ఒంటిమీద ఉంది మహారాజా. ముందు చక్రాల బలం సేనాపతిగారి అంగరఖా మీద చూసుకోండి. అవి కదలవని ముందే తెలియకపోతే ఆయన వెండి పీట వదులుతారా?"

కంగారులో సేనాపతి రాయి మీద కాలు మార్చుకోవడం కూడా మరిచిపోయాడు.

రాజుగారు ఒక్క క్షణం ఓబన్నను, ఒక్క క్షణం ఆ శుభ్రమైన పట్టును చూశారు. తర్వాత నవ్వు ఆగలేదు. రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు బురదలో దొర్లారు.

"ముందు చక్రాల కింద నిమ్మకాయలు నలగలేదు గనక పూజ కానట్టే. ఈ బండి వద్దు. కొండకు పోయే బండిని ఇక ఓబన్నే ఏరుతాడు," అన్నారు రాజుగారు. "ఆ వెండి పీట అతనిదే. సేనాపతీ, నీ బట్టలు అతనికిచ్చి అతని బట్టలు నువ్వు కట్టుకో. ఇప్పుడే, ఇక్కడే."

భుజంగరాయుడు ఒంటికాలిమీదే అంగరఖా ముడులు విప్పడం మొదలుపెట్టాడు. రాజుగారు నవ్వి నవ్వి స్టీరింగు మీద వాలిపోయారు. ఆయన లేచేదాకా హారను మోగుతూనే ఉంది.