రెండు ముళ్ళూ సమానమే

మా ఇంట్లో తెలివికి కరువు లేదు. ఈ మాట మేమే చెప్పుకుంటాం, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. లారీ తోలేది మా అన్న చెంచయ్య. క్లీనరును నేను, తిరుపాలును. మా ఇద్దరికీ బుద్ధులు చెప్పేది మా మేనత్త సాలమ్మ. ముగ్గురం కలిసి ఆలోచించామంటే చదువుకున్నవాళ్ళు కూడా నోరు తెరిచి చూసేవాళ్ళు. ఎందుకు తెరిచారో మాత్రం మేం ఎప్పుడూ అడగలేదు. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేయడం మా వంశంలోనే ఉంది.

మాకున్నది ఒక్కటే లారీ. బేతంచెర్ల నుంచి నాపరాళ్ళు ఎత్తుకుని, నల్లమల ఘాటు మీద వీరారెడ్డిగారు కట్టిస్తున్న సత్రానికి చేర్చేవాళ్ళం. ఆ లారీ కదిలితేనే మా పొయ్యి వెలిగేది.

ఒకరోజు చెక్‌పోస్టు దగ్గర ఆఫీసరు మమ్మల్ని ఆపి, "ఈ గొట్టంలోంచి నల్లపొగ ఇంకోసారి నా కంటికి కనబడకూడదు" అన్నాడు.

ఇంటికొచ్చి దిగాలుగా కూర్చున్నాం. బోకులు తోముతున్న అత్త టక్కున చెయ్యి ఆపింది. "ఒరే, గిన్నెకంటిన మసిని ఈ స్టీలు పీచు వదిలిస్తాది. పొగలో ఉండేదీ మసే గదా!" అంది. అంతే. అంగట్లో ఉన్న పీచంతా తెచ్చి సైలెన్సరు గొట్టంలో కుక్కి, పచ్చడిబండతో దట్టించాను. పొగ మాయం! అన్న అత్త కాళ్ళకు దండం పెట్టాడు.

పొగతోపాటు లారీ బలం కూడా మాయమైంది. ఘాటు ఎక్కుతూ ఎక్కుతూ ఇంజను రొప్పింది, ఐదో మలుపులో, ఇంజనుకు గాలి నెట్టే టర్బో కాలిపోయింది. రెండు రోజులు రాళ్ళు రోడ్డు పక్కనే పడున్నాయి. వీరారెడ్డిగారు ఇంతెత్తున లేచారు. "సత్రం పని నిలిచిపాయె గదరా! ఇంకొక్కసారి ఘాటులో ఆగితే మీకు లోడ్లు ఇచ్చేది ల్యాదు. యాడా ఆగకూడదు, అంతే!" అన్నారు.

ఇంకేముంది, లారీని కట్టి లాగించుకుని మెకానిక్కు ఖాసింపీరా దగ్గరికి బయల్దేరాం. బయల్దేరేముందు అత్త, "పరాయి మనిషి దగ్గరికి ఇంత మురికిగా తీసకపోతారా?" అని తిట్టి, గొట్టంలోని మసిపీచంతా పీకించి, తానూ మాతో వచ్చింది. పాపం, ఖాసింపీరా కొత్త టర్బో వేశాడు, గొట్టాలన్నీ తట్టి చూశాడు, తల గోక్కున్నాడు.

"పొగకు యాడో అడ్డం పడతాంది చెంచయ్యన్నా. ఈడ చూస్తే ఏమీ ల్యాదు. ఘాటులో ఏమయితాందో తెలియాలంటే ఒత్తిడి చూపే గేజీ పెట్టాల్సిందే."

టర్బోకి ముందుండే పొగగొట్టానికి చిన్న బెజ్జం వేసి, సన్నటి రాగిగొట్టం బిగించి, దాన్ని నాలుగు చుట్లు చుట్టి క్యాబిన్లో ఎర్ర గేజీకి కలిపాడు.

"ఈ చుట్లు ఎందుకు నాయనా?" అంది అత్త.

"పొగ మండిపోతా వస్తాది సాలమ్మత్తా. గేజీ చేరేలోపల సల్లబడాల."

అంతే. అత్త సంచిలోంచి విసనకర్ర తీసి ఆ చుట్లకు విసరడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆమె లేకుండా లారీ కదల్లేదు.

ఖాసింపీరా మాకు వివరంగానే చెప్పాడు. ఆ మనిషిలో ఏ లోపమూ లేదు. "ఈ నీలం గేజీ పాతదే. ఇంజన్లోకి టర్బో నెట్టే గాలి ఎంతో చెప్తాది. ఈ ఎర్రది బయటికి పోయే పొగ టర్బోను ఎంత ఒత్తుతాందో చెప్తాది. ముళ్ళు రెండూ జోడుగా ఎక్కాల. ఎర్రది ఒక్కటే పైకి పరిగెత్తిందంటే పొగకు దోవ ల్యాదని. ఎంటనే ఆపి నాకు ఫోన్ చేయండి. ఈసారి పోతే టర్బో ఒకటే కాదు, ఇంజనే పోతాది."

మేం తలలూపాం. ఇంటికెళ్ళి కొత్త స్టీలు పీచు దట్టించాం. ఆఫీసరు మాట కూడా మాటే కదా.

మర్నాడు రాళ్ళ లోడుతో ఘాటెక్కుతున్నాం. మూడో మలుపు తిరిగామో లేదో ఎర్రముల్లు నలభైకి లేచింది. నీలం ముల్లు పదిహేను దగ్గరే కూర్చుంది.

"అన్నా, ఎర్రది పరిగెత్తె! ఖాసింపీరా ఆపమన్యాడు."

"వీరారెడ్డిగారు ఆగొద్దన్యారు గదరా!"

ఇద్దరూ పెద్దవాళ్ళే. ఎవరి మాట కాదంటాం? పక్కనే ఖాళీ జాగా కనిపిస్తే అన్న లారీని అందులోకి తిప్పి, ఆగకుండా, పైకి పోకుండా, గుండ్రంగా చక్కర్లు కొట్టించాడు. ఏడు చక్కర్లు. అత్తకు కళ్ళు తిరిగాయిగాని చేతిలో విసనకర్ర మాత్రం ఆగలేదు.

ఆ ఏడో చక్కర్లో నా బుర్ర వెలిగింది. ఒప్పుకుంటున్నాను, ఆ పని చేసింది నేనే. "అన్నా, ముళ్ళు జోడుగా పోవాల అన్యాడు. రెండు గేజీలకూ ఒకటే గొట్టం తగిలిస్తే జోడుగా పోక యాడికి పోతాయి?"

అన్న స్టీరింగు వదిలేసి నన్ను కౌగిలించుకోబోయాడు. అత్త సంచిలో మిరపతోటల్లో డ్రిప్పుకి వాడే మూడుమూతుల గొట్టం ముక్క ఉంది. అది తీసి, నీలం గేజీకి వచ్చే గాలిగొట్టాన్ని పీకి గుడ్డతో కట్టేసి, పొగగొట్టాన్నే రెంటికీ పంచాను. ఆహా! రెండు ముళ్ళూ కాడికి కట్టిన ఎడ్లలా కలిసి లేచాయి.

"పొగ నలభై, గాలీ నలభై! ఇంత గాలి మన లారీకి పుట్టినాక రాలేదురా!" అని అన్న లారీని మళ్ళీ ఘాటెక్కించి బలంగా తొక్కాడు. తొమ్మిదో మలుపులో ఇంజను పెద్దగా ఊళ వేసి, దగ్గి, చచ్చినట్టు ఆగింది. ముళ్ళు మాత్రం జోడుగానే దిగాయి. అది చూసి మాకెంత ధైర్యమొచ్చిందో చెప్పలేను.

ఖాసింపీరా మోటారు సైకిలు మీద వచ్చాడు. నేను పెట్టిన ముక్కను పీకి, అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, గొట్టంలో వేలు పెట్టి, మసిపీచు లాగాడు. లాగుతూనే ఉన్నాడు.

"ఏంది ఇది?"

"స్టీలు పీచు" అన్నాను.

"ఎందుకు?"

"పొగ తోమేదానికి."

ఆయన రోడ్డు పక్క రాయి మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. ఎందుకేసిందో తెలియదుగాని గట్టిగానే వేసింది.

టర్బో ఇంకా బతికే ఉందట. ఆయన గొట్టాలన్నీ సరిచేసి, పీచంతా తన సంచిలో వేసుకుని, వేలు చూపించి మరీ చెప్పాడు. "లారీ ఇప్పుడు బ్రమ్మాండంగా ఉంది. ఈ రెండు ముళ్ళకూ తేడా రానీకండి. తేడా వచ్చిందా, మీ లారీ పోయినట్టే!" ఆయన మలుపు తిరగ్గానే వీరారెడ్డిగారు ఫోన్ చేశారు. పొద్దుగూకేలోపల రాళ్ళు రావాలన్నారు.

అన్న దేవుడికి దండం పెట్టి స్టార్ట్ చేశాడు. లారీ ఏనుగులా కదిలింది. నేను గేజీలు చూశాను. నీలం పద్దెనిమిది, ఎర్రది ఇరవై!

"రెండు గీతలు తేడా అన్నా! లారీ పాయె!"

అన్న గబుక్కున ఇంజను ఆపేశాడు. ముళ్ళు రెండూ సున్నాకి వచ్చి కూర్చున్నాయి. అత్త వంగి, కళ్ళు చికిలించి చూసి, "ఇప్పుడు చూడండ్రా. ఎంట్రుకవాసి తేడా ఉందేమో!" అంది. లేదు. అసలు లేనే లేదు. ఇంత చిన్న కిటుకు ఖాసింపీరాకు ఎందుకు తట్టలేదా అని జాలేసింది.

కింద నుంచి, మాలాగే లోడ్లు తోలే పుల్లయ్య ఖాళీ లారీ వస్తే చేయి అడ్డం పెట్టి ఆపి, సత్రందాకా లాగమన్నాం.

"ఇంజను చెడిందా?" అన్నాడు.

"ల్యాదు. బ్రమ్మాండంగా ఉంది."

"మరి లాగేదెందుకు?"

"బ్రమ్మాండంగా ఉండాలనే."

అతను మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, గొలుసు కట్టాడు. పైదాకా లాగాడు. చక్రం కింద పెట్టడానికి అత్త రాయి చంకన పెట్టుకుని వెనకే నడిచింది. ముళ్ళు కదిలితే ఒట్టు.

పొద్దుగూకే వేళకు సత్రం చేరాం. వీరారెడ్డిగారు బయటికొచ్చి ఆ గొలుసు వంక చూశారు. అన్న ఛాతీ విరిచి, తలుపు తీసి గేజీలు చూపించాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు.

వీరారెడ్డిగారి మొహం ఎర్రబడింది. "రాళ్ళు దించండి! రేపటినుంచి లోడ్లు పుల్లయ్యవి. మీ లారీ ఇంకోసారి నా కంటికి కనబడకూడదు!" అని లోపలికి వెళ్ళిపోయారు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. రాళ్ళు దించుతూ అన్న కూడా ఏడ్చాడు. మా అత్త మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని, "ఏడుస్తారెందుకురా? కంటికి కనబడకూడదు అన్యాడు. అంతే గదా!" అంది.

అంతే. టార్పాలిన్ తీసి లారీ మొత్తానికీ కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించాం. వీరారెడ్డిగారి వాకిట్లోనే, ఆయన కిటికీకి ఎదురుగానే. తర్వాత ముగ్గురం కిందనుంచి దూరి క్యాబిన్లో సర్దుకున్నాం. లోపల కన్ను పొడుచుకున్నా కనబడలేదు. అన్న సెల్లు లైటు వేశాడు.

"సమానమేనా?" అంది అత్త, విసనకర్ర అందుకుంటూ.

"సమానమే అత్తా" అన్నాను.

ఇక తర్వాతి లోడుకి ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించి కూర్చున్నాం.