ఏనుగుకు నెల, మావటికి అరగడియ

ఒకానొక రాజ్యం ఉండేది. దాని కొలువులో నేనుండబట్టే ఉండేదిలెండి! రాజు మహీధరవర్మకు బిరుదులు పన్నెండు. కొలువులో ఉద్యోగం నిలవాలంటే ఎవరైనా సరే, దసరానాడు నిండు సభలో వాటిని గడగడా అప్పజెప్పాలి.

ఏనుగులసాల మావటి సింగన్న మదమెక్కిన ఏనుగుకు ఎదురెళ్లి తొండం నిమిరే మొనగాడు. నలుగురు మనుషుల్ని చూస్తే మాత్రం అతని నాలుక పిడచగట్టుకుపోయేది. దసరాకు నెల ముందు రాజు పరీక్షించబోతే, సభ మధ్య చెమటలు కక్కుతూ నిలబడిపోయాడు.

"పిరికిపంద!" అన్నాడు రాజు. సభంతా పకపకా నవ్వింది.

"అరగడియ ఇలాగే నిలబెట్టి అందరూ గుచ్చిగుచ్చి చూస్తే భయం అదే దిగుతుంది ప్రభూ," అన్నాడు రాజవైద్యుడు మీసం దువ్వుతూ.

చూశారు. సింగన్న కళ్లు తిరిగి పడిపోయాడు.

"దసరాకూ ఇంతే అయితే వీడి ఏనుగులు ఇంకొకడికి!" అని తేల్చేశాడు రాజు. ఆ ఏనుగులు తప్ప సింగన్నకు నా అన్నవాళ్లు లేరు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రభూ!" అని నేను అరిచిన అరుపుకు గవాక్షాల్లో పావురాలు పొరుగు రాజ్యానికి వలసపోయాయి.

"ఏమయ్యా విరూపాక్షయ్యా, ఏమిటా కేక?"

"వైద్యులవారి మందు అమోఘం ప్రభూ! నిన్న అడవిలో పట్టి తెచ్చిన ఏనుగుకూ ఇదే పట్టిద్దాం. రేపే డప్పుల మధ్యకు తోలదాం. అంబారీలో తమరు, పక్కన వైద్యులవారు!"

వైద్యుడి మీసం కిందికి వాలింది. "మతి పోయిందా? తొక్కి చంపుతుంది!" అన్నాడు రాజు.

"మరెలా మచ్చిక చేస్తారో మావటినే అడుగుదాం, రండి."

సాలలో సింగన్న మా వైపు చూడలేదు. ముసలి ఏనుగు తొండం మీద చెయ్యేసి, దానితో చెప్పినట్టే చెప్పాడు. "మొదటిరోజు ఒక్క మనిషి, అదీ దూరంగా. దాని బెదురు తగ్గేదాకా అక్కడే ఉండాలి. మర్నాడు ఇద్దరు. డప్పు పక్షం తరువాతే. బెదిరితే కొట్టకూడదు, వెనక్కీ తిప్పకూడదు. అక్కడే నిలిపి నిమరాలి. కొట్టామా, జన్మంతా జనాన్ని చూస్తే బెదురుతుంది."

"విన్నారా!" అన్నాను, పళ్లు పటపటా కొరుకుతూ. "అడవి మృగానికి నెల గడువు, నిమరడానికో చెయ్యి. ఇరవయ్యేళ్లు తమ అంబారీ నడిపిన మనిషికి అరగడియ, పైగా నవ్వులు! సింగన్న పిరికివాడైతే, అతను మచ్చిక చేసే ఏనుగు పేరు చెబితేనే వణికిన మనమెవరం ప్రభూ?"

రాజు ముఖం కందగడ్డయింది. కాసేపటికి నవ్వేశాడు. "సరేనయ్యా, ఆ మొదటి మనిషిని నేనే!"

మర్నాడు రాజు కిరీటం తీసేసి, సింగన్న బిరుదులు చెబుతుంటే ఇరవై అడుగుల దూరాన నిలబడి విన్నాడు. రెండోనాడు నేనూ చేరాను. పక్షానికి పదిమందిమయ్యాం.

దసరా వచ్చింది. సింగన్న గొంతు వణికింది, కాళ్లు వణికాయి. వణుకుతూనే తొమ్మిది బిరుదులు చెప్పి, పదోదాని దగ్గర ఆగిపోయాడు.

రాజు కిరీటం జారేలా నవ్వాడు. "చాలు సింగన్నా! మిగతా మూడూ నాకే నోరు తిరగవు. ఏనుగులు నీవే!" అంటూ కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. నాకో శాలువా కప్పాడు.

నా కోపం చల్లారితేగా! శాలువా సింగన్న భుజాన వేసి, ఆనాడు నవ్వినవాళ్ల వైపు ఒక్క చూపు చూశాను. ముందు వరుస మొత్తం ఆసనాల కింద దూరింది. వైద్యుడైతే ఇంకా బయటికి రాలేదు.